పిల్లల బాక్సుకి పీటా: ఎలాంటిది కొనాలి, ఎప్పుడు తెరవాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఐదేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు. స్కూలు అవగానే అటునుంచి అటే ఆటల ప్రాక్టీసుకి వెళ్తారు, మధ్యలో కార్లోనే ఏదో ఒకటి తినాలి. ప్లేటూ చెంచా కుదరవు. పీటా అనే గుండ్రటి పల్చటి రొట్టెలో ఏదైనా కూరి ఇద్దామంటే కొన్న ప్రతి ప్యాకెట్టూ తెరవబోయేసరికి చిరుగుతోంది, చిరగనిదేమో అట్టముక్కలా ఉంటోంది. నాలుగు రకాలు మార్చి చూశారు. అసలు మంచి పీటా అంటూ దొరుకుతుందా, లేక ఈ ఆలోచనే మానుకోవాలా అని అడిగారు.

మానుకోనక్కర్లేదండి. ముందు సూటిగా చెప్పేస్తాను. పాకెట్ (లోపల జేబులాంటి ఖాళీ) ఉన్న రకం, అరచేతిలో పట్టేంత చిన్నది, పొరలు కాస్త మందంగా ఉన్నది, కాల్చిన రోజునే కొనండి. ఇంటికి తెచ్చిన రోజే గోరువెచ్చగా చేసి నోరు తెరిచి, ఆ రోజుకి కావలసినవి ఉంచుకుని మిగతావన్నీ ఫ్రీజర్లో పెట్టేయండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. మీరు నాలుగు రకాలు మార్చారు కానీ, ఆ నాలుగూ పాతబడ్డ రొట్టెలే అయి ఉంటాయని నా అనుమానం. పీటా విషయంలో ఏ కంపెనీదన్న దానికంటే ఎన్నిరోజులదన్నదే ముఖ్యం.

నేను బేకరీలో పదహారేళ్లు పనిచేశాను. అందులో మొదటి ఆరేళ్లు పీటా ఓవెన్ ముందే నిలబడ్డాను. ఇంట్లో ఇద్దరు పిల్లలకి బాక్సులు కట్టడం వేరే ఉద్యోగం. ఓవెన్ దగ్గర నేర్చుకున్నదానికంటే, సగం తిని వెనక్కి తెచ్చిన బాక్సులు చూసి నేర్చుకున్నదే ఎక్కువ.

పీటా ఎందుకు చిరుగుతుందో తెలియాలంటే పాకెట్ ఎలా వస్తుందో చూడాలి. దాన్ని ఎవరూ చాకుతో కోసి పెట్టరు. పల్చగా ఒత్తిన పిండి, బాగా కాలిన రాతి మీద పడగానే పైపొరా అడుగుపొరా ముందు బిగుసుకుంటాయి. లోపలి నీళ్లు ఆవిరవుతాయి. పోవడానికి దారి లేక ఆ ఆవిరి రెండు పొరలనీ విడదీసి రొట్టెని బంతిలా ఉబ్బిస్తుంది. పెద్ద బేకరీల్లో ఈ ఓవెన్ల వేడి 400 డిగ్రీలు దాటుతుంది, రొట్టె అందులో ఒక నిమిషం కూడా ఉండదు. బయటికి వచ్చాక ఆవిరి చల్లబడి ఉబ్బు అణిగిపోతుంది, లోపల ఖాళీ మిగిలిపోతుంది. అదే మన పాకెట్.

ఇందులో రెండు సంగతులు మనకి పనికొస్తాయి. ఒకటి, రెండు పొరలూ ఒకే మందంలో రావడం అరుదు. ఒకటి పల్చగా, ఒకటి దళసరిగా వస్తాయి. చిరిగేది ఎప్పుడూ పల్చటిదే. రెండోది, ఇంత పల్చటి రొట్టెకి లోపలి మెత్తదనాన్ని కాపాడే దళసరి గుజ్జు ఏమీ లేదు. మామూలు బ్రెడ్డు మూడోరోజుకి కూడా తినేలా ఉంటుంది. పీటా పొద్దున కాలిస్తే రాత్రికే తేడా తెలిసిపోతుంది.

గట్టిపడటమంటే తేమ ఆరిపోవడమే అనుకుంటారు చాలామంది. ఒక్క చుక్క తేమ పోకుండా మూసిపెట్టినా రొట్టె గట్టిపడుతుంది. కాలేటప్పుడు నీళ్లు పీల్చుకుని మెత్తబడిన స్టార్చ్, చల్లారాక మళ్లీ బిగుసుకోవడం మొదలుపెడుతుంది. గది వేడిలో కంటే ఫ్రిజ్ చల్లదనంలో ఆ పని త్వరగా జరుగుతుంది. ఫ్రీజర్లో దాదాపు ఆగిపోతుంది. అందుకే పాడవకుండా ఉంటుందని ఫ్రిజ్‌లో పెట్టిన పీటా మర్నాటికి అట్ట అయిపోతుంది. బూజు పట్టదు నిజమే, తినడానికీ పనికిరాదు.

ఇక కొనడం. పీటా అన్న పేరు మీద మూడు నాలుగు వేర్వేరు రొట్టెలు అమ్ముతారు, గందరగోళం అక్కడే మొదలవుతుంది.

గ్రీకు పీటాకి పాకెట్ ఉండదు. మందంగా, మెత్తగా, పైన చిన్న చిన్న గుంటలతో ఉంటుంది. ఆ గుంటలు ఉబ్బకుండా ఉండటానికే పెడతారు. అది మాంసం ముక్కల చుట్టూ చుట్టుకుని తినే రొట్టె, రుచికి ఏ వంకా లేదు. దాన్ని తెరవాలని చూస్తే మాత్రం రెండు చినిగిన ముక్కలు మిగులుతాయి. మీరు చెప్పిన వాటిలో ఒకటి ఇదే అనిపిస్తోంది. లెబనాన్, సిరియా వైపు తినే పెద్ద రొట్టెకి పాకెట్ ఉంటుంది కానీ పొరలు కాగితంలా ఉంటాయి. చింపి దేన్నైనా అద్దుకు తినడానికీ, చుట్టుకోవడానికీ బాగుంటుంది. కూరితే ఆ బరువుకి ఆగదు. ఆ బేకరీల్లో పీటా అని అడిగితే కొన్నిసార్లు మొహం చూస్తారు, ఖుబ్జ్ అంటే వెంటనే అందుకుంటారు. ఈజిప్టు వాళ్లది ఐష్ బలదీ, పొట్టుతో ఉన్న గోధుమపిండి రొట్టె. ఐష్ అంటే వాళ్ల భాషలో రొట్టె అనీ బతుకు అనీ రెండర్థాలూ ఉన్నాయి. తాజాగా దొరికితే కూరడానికి చాలా మంచిది, రుచి కాస్త మొరటుగా ఉంటుంది కాబట్టి మీ పాప ఒప్పుకోకపోవచ్చు. ఫలాఫెల్ (శనగలు రుబ్బి వేయించిన ఉండలు) కూరి అమ్మే దగ్గర వాడే బొద్దు పీటా నాలుగోది. చిన్నగా, దళసరిగా, స్పాంజిలా ఉంటుంది. మీరు వెతకాల్సింది ఇదే.

ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నాక నేను చూసేవి చెబుతాను. ముందు అంచు చూస్తాను. పాకెట్ పీటా అంచు సన్నగా, రెండు పొరలు అతుక్కున్న గీతతో కనబడుతుంది. తర్వాత కవరు మీంచే ఒక రొట్టెని మెల్లగా సగానికి వంచుతాను. మడత దగ్గర తెల్లటి గీత పడినా, చిన్న పగులు వచ్చినా తిరిగి అరలో పెట్టేస్తాను. వేలితో నొక్కితే గుంట పడి మళ్లీ లేవాలి. కవరు లోపల నీటి చుక్కలుంటే వేడి మీద ప్యాక్ చేశారని అర్థం, రెండు రోజుల్లో బూజు ఖాయం. అట్టడుగున ఉన్న రొట్టెని కూడా చూడండి, పై బరువుకి నలిగి పొరలు అతుక్కుపోయి ఉంటాయి. చివరి తేదీ చూసి మోసపోవద్దు. బూజు పట్టకుండా మందు కలిపిన రొట్టె ఆ తేదీ దాకా బూజు పట్టదు, అంతే. మెత్తగా ఉంటుందని ఆ తేదీ హామీ ఇవ్వదు. కాల్చేది ఏ రోజు, ఏ టైముకి అని షాపులో అడగండి. నాకు తెలిసి సమాధానం దొరికే ప్రశ్న అదొక్కటే. తాజాదా అని అడిగితే ఎవరైనా తాజాదే అంటారు.

ఫ్రీజర్ అరలో అమ్మే పీటాని చాలామంది చిన్నచూపు చూస్తారు. కాల్చిన వెంటనే గడ్డకట్టించినదైతే, బయటి అరలో నాలుగు రోజులుగా ఉన్నదానికంటే అదే నయం. లోపల మంచు పలుకులు పేరుకుని ఉంటే మాత్రం వద్దు, మధ్యలో ఒకసారి కరిగి మళ్లీ గట్టిపడి ఉండొచ్చు.

సైజు గురించి ఒక్క మాట. 18 సెంటీమీటర్ల పెద్ద పీటాని సగానికి కోసి ఇద్దరికీ ఇవ్వడం లెక్క ప్రకారం బాగానే ఉంటుంది. కానీ సగం పీటాకి నోరు మరీ వెడల్పు, చిన్న చేతుల్లో రెండు మూలల్లోంచీ లోపలిది జారిపోతుంది. పాపకి 10 సెంటీమీటర్లది, బాబుకి 12, 13 సెంటీమీటర్లది సరిపోతుంది.

ఇప్పుడు అసలు పని, తెరవడం. చల్లటి పీటాని ఎప్పుడూ తెరవకండి. పొయ్యి మీద పొడి పెనం సన్నటి సెగన పెట్టి, రొట్టెకి రెండువైపులా తడి చేత్తో ఒకసారి రాసి, ఒక్కోవైపు ఇరవై ముప్పై సెకన్లు ఉంచండి. రంగు మారకూడదు, వంగేంత మెత్తబడితే చాలు. తీసి రెండు అరచేతుల మధ్య పెట్టి చపాచపా నాలుగు దెబ్బలు వేయండి. అతుక్కున్న పొరలు లోపల విడిపోతాయి, చేతికి ఆ వదులు తెలుస్తుంది. అప్పుడు పై అంచు నుంచి వేలెడు వెడల్పు ముక్కని కత్తెరతో కత్తిరించండి. చాకుతో కంటే కత్తెరతోనే పని శుభ్రంగా అవుతుంది. ఆ నోట్లో చూపుడు వేలు పెట్టి పక్కలకి మెల్లగా తిప్పుతూ లోపలికి పోనివ్వండి. లాగకండి, తిప్పండి. ఎక్కడైనా అంటుకుని ఉంటే వెన్న రాసే మొద్దు చాకుతో విడదీయండి. కింది అంచుకి వేలెడు దూరంలో ఆపేయండి.

కత్తిరించిన ముక్క పారేయకండి. దాన్ని పాకెట్ అడుగున పరవండి. ఫలాఫెల్ బండ్ల దగ్గర చేసేది ఇదే. కారే తడంతా ముందు ఆ ముక్క పీల్చుకుంటుంది, అడుగు నిలబడుతుంది. ఆరేళ్లు పీటాలు కాల్చినా ఈ చిట్కా నాకు ఓవెన్ దగ్గర తెలియలేదు, లైన్లో నిలబడి కొనుక్కుని తింటున్నప్పుడు చూశాను.

మైక్రోవేవ్ వద్దా అంటారేమో. తడి టిష్యూలో చుట్టి పది సెకన్లు పెడితే మెత్తబడుతుంది, అప్పటికప్పుడు తినేస్తే ఇబ్బంది లేదు. బాక్సులో పెడితే చల్లారేసరికి రబ్బరులా సాగుతుంది. ఒకసారి పాతబడిన రొట్టెని ఎలా వేడిచేసినా మెత్తదనం కాసేపే. చల్లారితే మునుపటికంటే త్వరగా గట్టిపడుతుంది. మధ్యాహ్నం మూడుకి తినే రొట్టెని పాత రొట్టెతో మొదలుపెట్టకూడదనడం అందుకే.

ఫ్రీజర్ పద్ధతి ఇలా. కొన్న రోజే అన్నిటినీ పైన చెప్పినట్టు తెరిచి, పూర్తిగా చల్లారనిచ్చి, ఒక్కోదాని పాకెట్లో చిన్న బటర్ పేపర్ ముక్క పెట్టి, గాలి తీసేసిన కవర్లో పడుకోబెట్టి ఫ్రీజర్లో పెట్టండి. నెల రోజులు నిక్షేపంలా ఉంటాయి. పొద్దున కావలసినన్ని తీసి, విడిగా మూసిన కవర్లో అరగంట బయట ఉంచండి. కవరు విప్పి పెడితే గాలిలో తేమ రొట్టె మీద చేరి పైన జిగటగా అవుతుంది, మూసి ఉంచితే ఆ తేమ కవరు బయటే ఉండిపోతుంది. తర్వాత పెనం మీద ఒక్కసారి వేడిచేసి, బట్టలో చుట్టి చల్లారనిచ్చి, అప్పుడు కూరండి. వేడి రొట్టెలో కూరితే లోపల చెమట పట్టి గంటలో ముద్దవుతుంది.

కూరడంలో నేను చేసిన ఒక ఘనకార్యం చెప్పాలి. మావాడి క్లాసు పిక్నిక్‌కి ఇరవై నాలుగు పీటాలు పంపుతానని గొప్పగా ఒప్పుకున్నాను. టెన్షన్ ఎందుకని ముందు రాత్రే దోసకాయా టమాటా సన్నగా తరిగి, ఉప్పూ నిమ్మకాయా కలిపి కూరేసి, ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున ఇచ్చేటప్పుడు పైకి చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. సాయంత్రం వాడొచ్చి, బ్యాగు పడేసి, "నాన్నా, నీ రొట్టె సూపు ఎవరూ తాగలేదు" అన్నాడు. ఉప్పు దోసకాయలో నీళ్లన్నీ లాగేసింది, ఆ నీళ్లు రాత్రంతా రొట్టెని నానబెట్టాయి. బేకరీ మనిషిని, నాకు తెలియక కాదు. తొందర.

అప్పటినుంచి ఉప్పు వేసిన పచ్చి కూరగాయ ఏదీ పాకెట్లోకి పోనివ్వను. దోసకాయ గింజలు తీసి, కర్రల్లా కోసి, టిష్యూతో అద్ది పెడతాను. టమాటా అయితే గుజ్జు తీసేసి కండ ఒక్కటే. లోపల ముందు దళసరి పొరకి ఏదైనా కొవ్వున్నది పూయాలి. వెన్న, క్రీమ్ చీజ్, నీళ్లు వడకట్టిన గట్టి పెరుగు, చెంచా తిరగేస్తే జారనంత గట్టి హమ్మస్ (ఉడికించిన శనగల ముద్ద), ఏదైనా సరే. అది తడికి అడ్డుగా నిలుస్తుంది, ముక్కల్ని అంటిపెట్టుకునీ ఉంటుంది. దాని మీద ఒక ఆకు లెట్యూస్, ఆకు ఒడిలో మిగతావి. తడివి మధ్యలో, పొడివి అడుగున. మూడింట రెండొంతులు నిండగానే ఆపేయండి. పిల్లలు పైనుంచి కొరుకుతారు, కొరికినప్పుడల్లా లోపలిది పైకి తోసుకొస్తుంది. పై ఖాళీ దానికోసమే.

బాగా నడిచిన కూర్పులు: ఉడికించిన గుడ్డు చిదిమి గట్టి పెరుగుతో కలిపినది, పీచులుగా తీసిన ఉడికించిన చికెన్ క్రీమ్ చీజ్‌తో, హమ్మస్‌లో చిదిమిన ఫలాఫెల్. ఫలాఫెల్‌ని ఉండలుగా పెట్టొద్దు, ఒక్క కొరుకుడుకి రెండు ఉండలు కారు సీటు కిందికి దొర్లుతాయి. మా చిన్నదానికి మొదట్లో చీజ్ తప్ప ఏదీ దిగేది కాదు. చీజ్ తురుము ఒక్కటే వేసి పెనం మీద కరిగించి పెట్టేవాణ్ణి. చల్లారాక చీజ్ బిగిసి పాకెట్‌ని తనే మూసేస్తుంది, ఒక్క పలుకు కారదు.

చుట్టడం కూడా ముఖ్యమే. పీటాని బాక్సులో పడుకోబెట్టకండి, నిలబెట్టండి. కింది సగానికి బటర్ పేపర్ బిగుతుగా చుట్టి తోకలా మెలితిప్పండి. తింటున్నకొద్దీ పేపరు చింపుకుంటూ పోవడం పిల్లలకి ఆటగా ఉంటుంది, మీ సీట్లూ బతుకుతాయి.

రెండు జాగ్రత్తలు, వీటిలో సర్దుబాటు లేదు. గుడ్డు, మాంసం, పెరుగు, చీజ్, హమ్మస్ ఉన్న పీటా గది వేడిలో రెండు గంటలకి మించి ఉండకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. పొద్దున కట్టి సాయంత్రం ఇచ్చేటట్టయితే ఐస్ ప్యాక్, చల్లదనం నిలిచే సంచీ తప్పనిసరి. చల్లదనంలో రొట్టె కాస్త బిరుసెక్కుతుంది, భరించాల్సిందే. వీలైతే రొట్టె వేరుగా, కూరు చల్లగా వేరే డబ్బాలో తీసుకెళ్లి, ప్రాక్టీసు దగ్గర అర నిమిషంలో కూరి ఇచ్చేయండి. నేనైతే అలాగే చేసేవాణ్ణి. రెండోది, పాప కారు కదులుతున్నప్పుడు తినకుండా చూడండి. వెనక సీట్లో గొంతుకి అడ్డం పడితే నడిపేవాళ్లకి తెలిసే అవకాశం తక్కువ. ఆగాక పది నిమిషాలు తిననివ్వండి. ద్రాక్ష, చెర్రీ టమాటా లాంటి గుండ్రటివి నిలువుగా నాలుగు ముక్కలు చేయకుండా పెట్టొద్దు.

హమ్మస్‌లో నువ్వుల ముద్ద ఉంటుంది, తోటి పిల్లలతో పంచుకుంటారేమో చూసుకోండి. నువ్వులకి అలర్జీ ఉన్న పిల్లలు మనం అనుకునేంత అరుదు కాదు. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి లేబుల్ మీద తప్పక రాయాల్సిన అలర్జీ పదార్థాల్లో నువ్వుల్ని కూడా చేర్చారు.

మీ దగ్గర మంచిది ఎక్కడా దొరక్కపోతే ఇంట్లో చేసుకోవడం మీరనుకునేంత కష్టం కాదు. అర కిలో మైదా, 320 గ్రాముల నీళ్లు, 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 10 గ్రాముల ఉప్పు, 20 గ్రాముల నూనె. పది నిమిషాలు మర్దనా చేసి, రెట్టింపు అయ్యేదాకా మూతపెట్టి ఉంచండి. 50 గ్రాముల చొప్పున పదిహేడు ఉండలు వస్తాయి. ఉండల్ని పదిహేను నిమిషాలు ఆగనిచ్చి, అర సెంటీమీటరు మందంలో ఒత్తితే సరిగ్గా పాప చేతికి సరిపోయే సైజు. ఒత్తాక ఇంకో పావుగంట బట్ట కప్పి ఉంచండి. ఓవెన్‌ని దాని గరిష్ఠ వేడి, కనీసం 250 డిగ్రీలకి పెట్టి, లోపల బరువైన ట్రేని అరగంట ముందే కాగనివ్వండి. చల్లటి ట్రే మీద వేస్తే ఎంత మంచి పిండైనా ఉబ్బదు. మూడు నాలుగు నిమిషాలు, రంగు రాకముందే తీసి బట్టలో ఒకదానిమీద ఒకటి పేర్చి కప్పేయండి.

ఉబ్బకపోతే కారణం దాదాపు ఎప్పుడూ ఈ మూడింట్లో ఒకటి: ట్రే చాలినంత కాగలేదు, మందం ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ ఉంది, లేదా ఒత్తేటప్పుడు మడతో చిల్లో పడి ఆవిరి అక్కణ్ణించి పోయింది. పూర్తి గోధుమపిండితో చేయాలని ఉంటే మొదట మూడోవంతుకి మించి కలపకండి, పొట్టు పలుకులు పొరని కోసేసి ఉబ్బు నిలవనివ్వవు. మొదటి విడతలో పదిహేడుకి పది ఉబ్బితే సంతోషించండి. ఉబ్బనివాటిని గ్రీకు పీటా అని చెప్పి చుట్టి ఇచ్చేయొచ్చు, పిల్లలకి తేడా తెలియదు. మావాడికి తెలిసింది కానీ, వాడు బేకరీ వాడి కొడుకు.